గాలిలో మాట నిలబెట్టడం: వైర్‌లెస్ లింకు మీద వ్యాపారులకు ఫోన్ సర్వీసు

(గుంటూరు, పల్నాడు ప్రాంత కేబుల్, ఇంటర్నెట్ ఆపరేటర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. టీ తర్వాత మొదటి ప్రసంగం నాదే కాబట్టి నేరుగా విషయంలోకి వచ్చేస్తాను. మా కస్టమర్ ఒకరి ఆఫీసులో జరిగింది ముందు చెబుతాను.

మన మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. ఊరికి దూరంగా, పొలాల మధ్య పెద్ద పెద్ద షెడ్లు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ ఆఫీసుల్లో ఫోన్ మోగని నిమిషం ఉండదు. రైతు ఫోన్ చేసి తన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగాయా, సరుకు దాచినట్టు బాండు రాశారా అని అడుగుతాడు. కమీషన్ వ్యాపారి ఫోన్ చేసి రేపు యార్డుకు ఎన్ని టిక్కీలు తీయాలో చెబుతాడు. బ్యాంకు నుంచి ఒకరు, లారీ ఆఫీసు నుంచి ఒకరు. గోడలకు, పైకప్పుకు ఇన్సులేషన్ ఉంటుంది కాబట్టి లోపల సెల్ సిగ్నల్ సరిగా అందదు. మాట్లాడాలంటే వాకిట్లోకి పరిగెత్తాలి.

అలాంటి ఒక స్టోరేజీకి అయిదు కిలోమీటర్ల అవతలి టవర్ నుంచి రేడియో లింకు మీద మేం నెట్ ఇస్తున్నాం. ఓనరు గారు ఒక రోజు అడిగారు: "బోర్డు మీద రాయడానికి ఒకే నంబరు కావాలి. ఆరు బల్లల మీద ఆరు ఫోన్లు ఉండాలి. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లు ఎత్తాలి. మీ నెట్ మీదే ఇవ్వగలరా?" ఇవ్వగలం అన్నాను. ఇచ్చాం. రెండో వారం రిసెప్షన్‌లో ఉండే అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, రైతులు మాట్లాడుతుండగానే లైన్ పోతోంది. సరిగ్గా అరనిమిషానికి కట్ అవుతోంది సార్. మళ్లీ చేసి మమ్మల్ని తిడుతున్నారు" అంది.

మేం ఏం చేశామంటే, రేడియో ఇచ్చేవాళ్లం కాబట్టి రేడియోనే అనుమానించాం. ఎర్రటి ఎండలో కుర్రాళ్లను రెండుసార్లు టవర్ ఎక్కించాను. ఛానల్ మార్చాం, డిష్ మార్చాం. ఫలితం లేదు. మూడో రోజు నేనే వెళ్లి ఆ అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఫోన్ తెర మీద సెకన్లు నడుస్తుంటాయి కదా, వాటినే చూస్తున్నాను. ఒక కాల్ 32 దగ్గర పోయింది. ఇంకోటి కూడా 32 దగ్గరే. మూడోది కూడా. అప్పుడు నాకు వెలిగింది. గాలిలో వచ్చే లోపానికి గడియారం తెలియదు. అది ఒకసారి అయిదు సెకన్లకు వస్తుంది, ఒకసారి నాలుగు నిమిషాలకు వస్తుంది. ప్రతిసారీ 32కే పోతోందంటే ఎవరో లెక్కపెట్టి కోస్తున్నారన్నమాట.

ఆ లెక్క ఎక్కడిదో చెబుతాను, మీకు ఎప్పుడైనా పనికొస్తుంది. ఇంటర్నెట్ ఫోన్‌లో కాల్ కలిపే పద్ధతికి సిప్ అని పేరు. ఇప్పుడు మనం వాడుతున్న రూపం 2002లో వచ్చింది. మనవాళ్లు ఫోన్ ఎత్తగానే మన పీబీఎక్స్, అంటే ఆఫీసు ఫోన్లన్నిటినీ ఒకే నంబరుకు కలిపే పెట్టె, "ఎత్తాం" అని కబురు పంపుతుంది. అవతలి నుంచి "సరే, అందింది" అని జవాబు రావాలి. రాకపోతే మన పీబీఎక్స్ మళ్లీ మళ్లీ పంపుతుంది. అర సెకనుకు 64 రెట్లు, అంటే 32 సెకన్లు చూసి, ఇక అవతల ఎవరూ లేరని కాల్ తీసేస్తుంది. మాటలు వేరే దారిలో వెళ్తాయి కాబట్టి ఆ 32 సెకన్లూ చక్కగా వినిపిస్తాయి. ఆ జవాబును పాడుచేసింది అక్కడి రౌటర్‌లోని సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయం. సాయం చేద్దామని కబురులోని చిరునామాలు దిద్దుతూ తప్పుగా దిద్దింది. ఒక్క టిక్కు తీసేస్తే అంతా సర్దుకుంది.

తప్పు మన గాలిలో లేదు. కానీ రైతు తిట్టింది ఆ అమ్మాయిని, ఆ అమ్మాయి ఫోన్ చేసింది నాకు. నెట్ నెమ్మదిస్తే మనిషి రెండు క్షణాలు ఆగుతాడు, పేజీ మళ్లీ తెరుచుకుంటుంది. ఫోన్‌లో ఆగడం అనేది లేదు. "క్వింటాలు ఎంతకు అడిగారు?" అన్న ప్రశ్నకు జవాబులో ఒక్క అంకె ఎగిరిపోతే అక్కడ డబ్బు పోతుంది. అందుకే స్పీడ్ టెస్ట్ చూపించి ఫోన్ సర్వీసు అమ్మకండి. మన లింకు ఎన్ని మెగాబిట్లు మోస్తుందో మనకు తెలుసు. ఎన్ని మాటలు మోస్తుందో మనలో చాలామంది ఎప్పుడూ కొలవలేదు. ఇవాళ నేను చెప్పాలనుకున్నది ఇదే.

దానికి ముందు చట్టం సంగతి రెండు మాటల్లో. మన ఐఎస్‌పీ లైసెన్సుతో, అంటే ఇంటర్నెట్ ఇచ్చే లైసెన్సుతో, మనమే ఫోన్ నంబర్లు ఇచ్చి, దేశంలోని మామూలు ఫోన్లకు కాల్స్ కలపడం కుదరదు. ఇంటర్నెట్ మీదుగా కాల్స్ కలిపే విషయంలో 2017 అక్టోబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫార్సులు ఇచ్చింది, 2018లో టెలికాం శాఖ స్పష్టత ఇచ్చింది. అదే ఏడాది బీఎస్ఎన్ఎల్ 'వింగ్స్' పేరుతో ఆ సర్వీసు ప్రకటించింది. అయితే ఆ హక్కు యాక్సెస్ లైసెన్సు, అంటే జనానికి ఫోన్ సర్వీసు ఇచ్చే లైసెన్సు, ఉన్నవాళ్లది. కాబట్టి మన దారి ఏమిటంటే, నంబరు, సిప్ ట్రంక్ (నెట్ మీద వచ్చే ఫోన్ లైను) ఆ లైసెన్సు ఉన్న కంపెనీ నుంచి కస్టమర్ పేరు మీదే తీసుకోవాలి. ఆఫీసు లోపలి పీబీఎక్స్, ఫోన్లు, వాటి వైరింగు, ట్రంక్ వచ్చే దారి మనం చూసుకోవాలి. మన ఆదాయం ఆ సేవ మీదే. ఇది చిన్న పని అనుకోకండి. స్టోరేజీ ఓనరుకు కావలసింది పిలిస్తే గంటలో వచ్చే మనిషి.

ఇక గాలి సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

మామూలు క్వాలిటీ కాల్‌ను జీ.711 అంటాం. సెకనుకు 64 కిలోబిట్లు. ఫోన్ ఆ మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి ఒక్కో ముక్కను ఒక్కో ప్యాకెట్‌లో పెడుతుంది. అంటే సెకనుకు 50 ప్యాకెట్లు, రెండు వైపులా కలిపి 100. ఒక్కో ప్యాకెట్‌లో 160 బైట్ల మాట, దాని మీద 40 బైట్ల చిరునామాలు. మొత్తం 80 కిలోబిట్లు అవుతుంది. ఇది చూసి మనం ఏమనుకుంటాం? నా లింకు 100 మెగాబిట్లు, ఒక కాల్ 80 కిలోబిట్లు, వెయ్యి కాల్స్ పడతాయి అనుకుంటాం. నేనూ మొదట అలాగే అనుకున్నాను.

రేడియోలో ఒక ప్యాకెట్ బయల్దేరే ముందు ఏం జరుగుతుందో చూడండి. గాలి ఖాళీగా ఉందా అని రేడియో చెవిపెట్టి వింటుంది. ఖాళీ అయ్యాక ఇంకాసేపు ఆగుతుంది. తర్వాత 'నేను మాట్లాడబోతున్నాను' అని ఒక ముందుమాట పంపుతుంది. అప్పుడు ప్యాకెట్. మళ్లీ చిన్న విరామం. అవతలి రేడియో నుంచి 'అందింది' అన్న జవాబు. 100 మెగాబిట్ల వేగంలో మన 200 బైట్ల ప్యాకెట్ గాలిలో ఉండేది 16 మైక్రోసెకన్లు. చుట్టూ ఉన్న తతంగానికి పట్టేది 150 మైక్రోసెకన్లకు పైనే. బస్సుకు ఒక్క మనిషిని ఎక్కించి పంపినట్టు. బస్టాండులోంచి బయటికి రావడానికి పట్టే టైమ్ మాత్రం నిండిన బస్సుకైనా, ఖాళీ బస్సుకైనా ఒక్కటే.

ఇక్కడే చాలామంది ఒక తప్పు చేస్తారు. కాల్ బరువు తగ్గిద్దామని, మాటను బాగా కుదించే జీ.729 పద్ధతి పెడతారు. అందులో మాట 20 బైట్లే, చిరునామాలు మాత్రం అవే 40 బైట్లు. సరుకు కంటే గోనె బరువు ఎక్కువ. లీజ్డ్ లైన్ మీద, అంటే విడిగా అద్దెకు తీసుకున్న వైరు మీద, అది లాభమే. గాలిలో మాత్రం ప్యాకెట్ల సంఖ్య అదే 50, తతంగం అదే. మాట నాణ్యత తగ్గిందే తప్ప గాలి మిగల్లేదు. గాలి మిగలాలంటే ముక్కను 20 నుంచి 40 మిల్లీసెకన్లకు పెంచవచ్చు, ప్యాకెట్లు సగమవుతాయి. ఆలస్యం 20 మిల్లీసెకన్లు పెరుగుతుంది, ఒక ప్యాకెట్ పోతే పోయే మాట కూడా రెట్టింపవుతుంది. నేనైతే 20 దగ్గరే ఉంచి, లింకునే బాగుచేసుకుంటాను. రేడియోల్లో వంతులవారీగా టైమ్ పంచే పద్ధతి ఉంటుంది కదా, మైక్రోటిక్ కంపెనీ రేడియోల్లో ఎన్‌వీ2, యుబిక్విటీ వాళ్ల వాటిలో ఎయిర్‌మ్యాక్స్. ఎవరి వంతు ఎప్పుడో ముందే తెలుస్తుంది కాబట్టి తోపులాట ఉండదు, ఒకే వైపు వెళ్లే చిన్న ప్యాకెట్లను కలిపి పంపడం కూడా వీలవుతుంది. ఫోన్ ఇచ్చే సెక్టార్ మీద, అంటే టవర్ నుంచి ఒక దిక్కున ఉన్న చాలామంది కస్టమర్లకు ఇచ్చే యాంటెన్నా మీద, ఉత్త వైఫై మోడ్ వద్దు.

రెండోది, సెక్టార్ మీద ఉన్న పక్కవాళ్లు. మీ ఫోన్ కస్టమర్‌కు సిగ్నల్ బ్రహ్మాండంగా ఉండవచ్చు. అదే సెక్టార్ మీద ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, చెట్టు చాటున ఉన్న ఇంకో కస్టమర్ నీరసమైన సిగ్నల్‌తో సినిమా చూస్తుంటాడు. ఒక మెగాబైట్ మోయడానికి అతని రేడియో మంచి రేడియో కంటే పదింతల సేపు గాలిని పట్టుకుంటుంది. ఇరుకు వంతెన మీద ఎడ్లబండి ముందు పోతుంటే వెనక కారు ఎంత మంచిదైనా ఏం చేస్తుంది? అందుకని ఫోన్ కస్టమర్‌కు కుదిరితే విడిగా పాయింట్ టు పాయింట్ లింకు, అంటే అతనొక్కడికే ఇటో డిష్ అటో డిష్, వేయండి. కుదరకపోతే ఆ సెక్టార్ మీద నీరసంగా ఉన్నవాళ్లను ముందు బాగుచేయండి, లేదా వేరే సెక్టార్‌కు మార్చండి. ఛానల్స్‌కు ఇప్పుడు కొదవ లేదు. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్‌లో మొత్తం 605 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చారు. అంత చోటు ఉన్నా అందరం వచ్చి ఒకే మూల కూర్చుంటున్నాం. టవర్ ఎక్కిన ప్రతిసారీ స్కాన్ చేసి చూడండి.

మూడోది క్యూ. మా స్టోరేజీలో 32 సెకన్ల గొడవ తీరాక ఇంకో ఫిర్యాదు వచ్చింది. సాయంత్రం ఏడు దాటితే గొంతు రోబోలా వస్తోందని. చూస్తే ఏముంది, ఏడింటికి సీసీ కెమెరాల రికార్డింగులు క్లౌడ్‌కు ఎక్కడం మొదలవుతోంది. అప్‌లోడ్ 10 మెగాబిట్లు. రేడియోలో 500 పెద్ద ప్యాకెట్లు వరుసలో నిలబడ్డాయనుకోండి, ఒక్కోటి 1500 బైట్లు. అవి ఖాళీ కావడానికి 600 మిల్లీసెకన్లు పడుతుంది. వాటి వెనక నిలబడ్డ మాట ముక్క 600 మిల్లీసెకన్లు ఆలస్యం. అంతర్జాతీయ టెలికాం ప్రమాణం జీ.114 ప్రకారం ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటేనే మాట్లాడేవాళ్లకు ఇబ్బంది ఉండదు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డొచ్చి, ఇద్దరూ ఆగి, మళ్లీ ఇద్దరూ ఒకేసారి మొదలుపెడుతున్నారంటే ఆ గీత దాటేశామని అర్థం.

దీనికి మందు ఏమిటంటే, వరుస రేడియోలో కాకుండా మన రౌటర్‌లో కట్టేలా చూడాలి. లింకు నిజంగా మోసే వేగంలో ఎనభై, ఎనభై అయిదు శాతానికే రౌటర్‌లో హద్దు పెట్టండి. మాటకు విడిగా ముందు వరుస ఇవ్వండి. రెండు చివర్లా పెట్టాలి, టవర్ వైపూ కస్టమర్ వైపూ. గాలి వేగం పొద్దున ఒకలా, రాత్రి ఒకలా ఉంటుంది కాబట్టి రాత్రి తొమ్మిదింటి వేగం కొలిచి దాని మీద లెక్క వేయండి.

ఇక్కడ ఇంకో చిక్కుంది, నాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది. మాట ప్యాకెట్లకు 46 అనే గుర్తు వేస్తాం, మర్యాదగా ముందు పంపమని. వైఫైలో నాలుగు వరుసలున్నాయి: మాట, వీడియో, మామూలు, వెనక. చాలా రేడియోలు 46లో మొదటి మూడు బిట్లే చూస్తాయి. అవి 5 అవుతాయి. 5 అంటే వైఫై లెక్కలో వీడియో వరుస. మాట వరుసకు 6 గానీ 7 గానీ కావాలి. అంటే మనం ముద్ర వేశామని ధీమాగా ఉంటాం, గాలిలో మాట వెళ్లి వీడియో వరుసలో నిలబడుతుంది. మీ రేడియోలో ఆ పట్టిక ఎక్కడుందో వెతికి, 46ను 6కు కలపండి.

వెనక నుంచి ఒకాయన చెట్ల గురించి అడుగుతున్నారు. మంచి ప్రశ్న, చెబుతాను. అయిదు కిలోమీటర్ల లింకు, 5.8 గిగాహెర్ట్జ్. టవర్ నుంచి చూస్తే డిష్ కనిపిస్తోంది కదా అని సరిపెట్టుకోకూడదు. మధ్యలో, అంటే రెండున్నర కిలోమీటర్ల దగ్గర, కంటిచూపు గీత చుట్టూ ఎనిమిది మీటర్ల దాకా సిగ్నల్ పరుచుకుని ఉంటుంది. అందులో కనీసం అరవై శాతం ఖాళీగా ఉండాలి. మా లింకు దారిలో ఒక రైతు సుబాబుల్ వేశాడు. వేసినప్పుడు మోకాలి ఎత్తు. రెండేళ్లయ్యేసరికి మా సిగ్నల్ మెల్లగా, నెలకు కొంచెం కొంచెంగా పడిపోయింది. వానాకాలం ఆకులు తడిస్తే ఇంకా ఘోరం. నెట్ కస్టమర్లు గమనించలేదు, ఫోన్ కస్టమర్ మాత్రం మొదటి వారంలోనే గమనించాడు. మనది కాని పొలంలో చెట్టు కొట్టమనే హక్కు మనకు లేదు. ఆ రైతు కష్టార్జితం అది. మేం స్టోరేజీ మీద ఆరు మీటర్ల పైపు అదనంగా లేపాం. కొత్త లింకు వేసేటప్పుడు దారిలో బండి మీద వెళ్లి, ఎవరు ఏం నాటారో చూసి రండి. సుబాబుల్, జామాయిల్ కనపడితే అయిదేళ్ల తర్వాతి ఎత్తు ఊహించుకుని స్తంభం వేయండి.

కరెంటు విషయం. పాత ల్యాండ్‌లైన్‌కు ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టులు వచ్చేవి. ఇంట్లో కరెంటు పోయినా ఫోన్ పనిచేసేది. జనానికి ఆ నమ్మకం ఇంకా పోలేదు. మన ఫోన్ పనిచేయాలంటే టవర్, కస్టమర్ డిష్, రౌటర్, స్విచ్, పీబీఎక్స్, ఫోన్ అన్నీ బతికుండాలి. స్టోరేజీలకు జనరేటర్ ఉంటుంది గానీ అది అందుకునే ఇరవై సెకన్లలో అన్నీ ఆరిపోయి మళ్లీ లేస్తాయి, అన్నీ లేచేసరికి అయిదు నిమిషాలు. చిన్న యూపీఎస్ ఒకటి పెడితే ఆ అయిదు నిమిషాలు మిగులుతాయి. దాన్ని ధరలో కలిపేయండి, ఐచ్ఛికం అనకండి. ఇంకో ముఖ్యమైన పని, ట్రంక్ ఇచ్చిన కంపెనీ దగ్గర ఒక ఏర్పాటు చేయించుకోవాలి: మన పీబీఎక్స్ అందకపోతే కాల్ ఓనరు గారి సెల్‌కు మళ్లాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా డిష్‌లు గాలికి తిరిగిపోయాయి. ఈ మళ్లింపు ఉన్న కస్టమర్ల కాల్స్ సెల్‌కు వెళ్లాయి. లేని వాళ్లకు నేను ఏమీ చెప్పలేకపోయాను. అలాగే అత్యవసరానికి 112 చేయడానికి ఆఫీసులో ఒక సెల్ ఎప్పుడూ ఛార్జింగులో ఉండాలని మొదటి రోజే చెప్పండి. ఫోన్ మీద స్టిక్కర్ కూడా అంటించండి.

పీబీఎక్స్‌ను బయటి ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టకండి. సిప్ కబుర్లు వచ్చే ద్వారం 5060 పోర్టు, అది తెరిచిన గంటలోపే ఎక్కడెక్కడి నుంచో పాస్‌వర్డులు ప్రయత్నించడం మొదలవుతుంది. దొరికితే రాత్రికి రాత్రి విదేశాలకు కాల్స్ చేసేస్తారు, బిల్లు కస్టమర్ మీద పడుతుంది. ట్రంక్ కంపెనీ చిరునామాను తప్ప దేన్నీ అనుమతించకండి. ఐఎస్‌డీ అవసరం లేనివాళ్లకు మూసేయించండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎవరో వస్తారు. "మీ ఆఫీసులో ఒక పెట్టె పెట్టుకోనివ్వండి, నెట్ ఇవ్వండి, నెలకు ఇంత ఇస్తాం" అంటారు. నన్నూ అడిగారు. ఆ పెట్టె నిండా సిమ్ కార్డులుంటాయి. విదేశాల నుంచి నెట్ మీద వచ్చిన కాల్‌ను లోకల్ కాల్‌లా మార్చే దొంగ వ్యాపారం అది. మనవాళ్లను 'పోలీసులం' అంటూ బెదిరించి డబ్బు లాగేవాళ్లకు అలాంటి పెట్టెలే ఆసరా. 2023 టెలికాం చట్టం ప్రకారం అనుమతి లేకుండా టెలికాం సర్వీసు నడిపితే మూడేళ్ల దాకా జైలు గానీ, రెండు కోట్ల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. దయచేసి ఆ గుమ్మం తొక్కనివ్వకండి.

ఇంకా కొలత మిగిలింది. ఒప్పుకునే ముందు వారం రోజులు కొలవండి. ఆరు కాల్స్ ఇస్తున్నారా? 200 బైట్ల ప్యాకెట్లు సెకనుకు 300 చొప్పున రెండు వైపులా ఐపెర్ఫ్‌తో, అంటే లింకు కొలిచే ప్రోగ్రాంతో, నడపండి. అప్పుడే పక్కన అప్‌లోడ్ కూడా నిండా పెట్టండి. ఒక శాతం కంటే ఎక్కువ ప్యాకెట్లు పోతున్నా, జిట్టర్, అంటే ప్యాకెట్ల ఆలస్యంలో హెచ్చుతగ్గు, 30 మిల్లీసెకన్లు దాటుతున్నా ఇంకా ఇవ్వకండి, సరిచేసి మళ్లీ కొలవండి. వారం ఆగమన్నందుకు నా దగ్గర ఎవరూ వెళ్లిపోలేదు. ఆ కాగితం కస్టమర్‌కు చూపిస్తే, ఇతను మన పని పట్టించుకుంటున్నాడని అర్థమవుతుంది. పెద్ద కంపెనీల ఎయిర్‌ఫైబర్లు, అంటే వాళ్లు గాలి మీద ఇచ్చే నెట్ కనెక్షన్లు, 2023 నుంచి మన ఊళ్లకూ వస్తున్నాయి. ధరలో వాళ్లతో మనం పోటీ పడలేం. ఆ అమ్మాయి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవడం మాత్రం మనం చేయగలం.

ఇప్పుడు ఆ బల్ల మీద రెండు రేడియోలు, రెండు ఫోన్లు పెట్టాను. ఒకటి ఇక్కడ, ఇంకోటి హాలు చివర కిటికీ దగ్గర. ఎవరైనా ఇద్దరు రండి. ఒకరు ఇటు, ఒకరు అటు కూర్చుని ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు చెప్పుకోండి, స్పీకర్‌లో అందరికీ వినిపిస్తుంది. ఏడు దగ్గరకు రాగానే నేను అప్‌లోడ్ మొదలుపెడతాను, మాటకు ముందు వరుస ఇవ్వకుండా. పద్నాలుగు దగ్గర ఆ ముందు వరుస ఆన్ చేస్తాను. ఎన్ని అంకెలు ఎగిరిపోయాయో మీరే రాసుకోండి. ఆ, రండి అన్నా, మీరు కిటికీ దగ్గర కూర్చోండి.